ప్రత్యేక పిల్లల గురించి ఏడాది పొడవునా రాయనివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలో ఒక మండలంలోని భవిత కేంద్రంలో పనిచేస్తున్నాను. మమ్మల్ని ఐఈఆర్పీలు అంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువుతో పాటు రోజువారీ పనులు కూడా నేర్పే టీచర్లం. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, వినికిడి లోపం ఉన్న పిల్లలు మా దగ్గరికి వస్తారు, రాలేని పిల్లల ఇళ్ళకు మేమే వెళ్తాం. చాలా ఏళ్ళు రాయడం ఆపేసి ఈ మధ్యే మళ్ళీ క్రమం తప్పకుండా రాస్తున్నాను. ఆ రాత ఎలా మొదలైందో చెప్పి, మీ పత్రికను ఒకటి అడగాలని ఈ ఉత్తరం. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు నా ఫిర్యాదు చెప్తాను. ఇది మీ ఒక్క పత్రిక మీద కాదు, తెలుగు పత్రికలన్నిటి మీదా. డిసెంబరు 3, అంతర్జాతీయ దివ్యాంగుల దినం వచ్చిందంటే మా పిల్లలు గుర్తొస్తారు. మార్చి 21న డౌన్ సిండ్రోమ్ దినం, ఏప్రిల్ 2న ఆటిజం దినం, ఆ రోజుల్లో కూడా ఎంతో కొంత కనిపిస్తుంది. ఆ తర్వాత మళ్ళీ డిసెంబరు దాకా ఏమీ ఉండదు. వచ్చినవి కూడా రెండే రకాలు. మంచంలో పడున్న పిల్ల, పక్కన ఏడుస్తున్న తల్లి, ఆదుకోండి అని ఒక ఫోన్ నంబరు. లేదంటే కాళ్ళు లేకపోయినా ఈత కొట్టి పతకం తెచ్చిన కుర్రాడు. ఈ రెండూ రాయాల్సినవే, వద్దనను. కానీ నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఈ రెంటి మధ్యలో ఉంటారు. ఒకడు ఈ ఏడాది చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంటాడు. ఒకమ్మాయి ఇంటి నుంచి కిరాణా కొట్టుకు ఒంటరిగా వెళ్ళి చిల్లర తెచ్చుకోవడం నేర్చుకుంటుంది. ఒకరి గురించి ఇంకా ఏం నేర్పాలో తెలియక అమ్మా నాన్నా నేనూ ముగ్గురం కూర్చుని ఆలోచిస్తుంటాం. ఈ పిల్లల గురించి తెలుగులో ఎవరు రాస్తున్నారు?

డిగ్రీ చదివే రోజుల్లో నేను కథలు రాసేదాన్ని, ఆదివారం సంచికలకు పంపేదాన్ని. తర్వాత స్పెషల్ బీఈడీ చేశాను, ఉద్యోగం వచ్చింది, పెళ్ళి, పిల్లలు, రాయడం ఆగింది. టైమ్ లేకపోవడం ఒక కారణమే. ఈ పనిలో వచ్చే అలసట కూడా వేరు. రోజంతా ఒక పిల్లవాడి చేతుల మీద, కళ్ళ మీద, వాడు నోటితో చేసే ప్రతి శబ్దం మీద ధ్యాస పెట్టి కూర్చుంటాం. సాయంత్రం ఇంటికొచ్చాక ఎవరితోనైనా మాట్లాడాలన్నా ఓపిక ఉండదు, ఇక రాయడం ఎక్కడ. వీటన్నిటికంటే ఎక్కువగా నన్ను ఆపింది వేరే ఉంది. రాస్తే ఏం రాయాలి? నా ముందున్నదంతా ఈ పిల్లల బతుకే. వాళ్ళ కష్టాన్ని కథ చేసి నా పేరు వేసుకోవడం న్యాయమా అని చాలాకాలం అనిపించింది. మాలో రాయగలిగిన టీచర్లు ఇంకా ఉన్నారు. అడిగితే చాలామంది ఇదే మాట చెప్తారు.

నన్ను తిరిగి రాతలోకి తెచ్చింది మా రికార్డులు. మీకు తెలిసే ఉంటుంది, మా దగ్గర ప్రతి పిల్లకూ ఐఈపీ అని వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయాలి. ఇప్పుడు ఏం చేయగలదు, రాబోయే మూడు నెలల్లో ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి, నేర్చుకుందో లేదో ఎలా తెలుస్తుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, మేమంతా ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే పిలుస్తాం కానీ ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ, వాళ్ళు తయారుచేసిన చెక్‌లిస్టులతో మేం అసెస్‌మెంట్ చేస్తాం. వీటితో పాటు ప్రవర్తన సమస్యలున్న పిల్లలకు ఇంకో రికార్డు ఉంటుంది, మూడు గడులు. ఆ ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, అప్పుడు పిల్లవాడు ఏం చేశాడు, వెంటనే మనం ఏం చేశాం. అంతే. అందులో మన అభిప్రాయం రాయడానికి గడి ఉండదు.

ఒక బాబు గురించి చెప్తాను, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. వాడు చేయి కొరుక్కునేవాడు, రక్తం వచ్చేంతగా. వాడు అంతకుముందు చదివిన బడి నుంచి వచ్చిన కాగితంలో "మొండి, ఎవరి మాటా వినడు" అని ఒకే వాక్యం ఉంది. ఆ వాక్యం పట్టుకుని ఏ టీచరూ ఏమీ చేయలేరు. మేం గడులు నింపడం మొదలుపెట్టాం. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరున్నారు, ఏ శబ్దం వినిపిస్తోంది అని. కొన్ని వారాల కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కనిపించింది. దాదాపు ప్రతిసారీ మధ్యాహ్న భోజనానికి ముందే, స్టీలు పళ్ళేలు గుట్టలోంచి లాగే టైమ్‌లోనే కొరుక్కుంటున్నాడు. ఆ చప్పుడు వాడు తట్టుకోలేకపోతున్నాడు, ఆ మాట చెప్పడానికి వాడికి మాటలు లేవు. వంట అక్కతో మాట్లాడి, మిగతా పిల్లలకంటే ముందే వాడిని చేతులు కడుక్కోవడానికి పంపి, వాడి పళ్ళెం వాడికి విడిగా ఇచ్చాం. కొరుక్కోవడం పూర్తిగా పోలేదు, కానీ చాలా తగ్గింది. కళ్ళముందే రోజూ జరుగుతున్నది మాకెవరికీ కనపడలేదు, రాస్తేనే కనపడింది.

ఆ కాగితాలు మళ్ళీ చదువుతుంటే నాకు ఇంకోటి కూడా తోచింది. ఇందులో జాలి లేదు, పొగడ్త లేదు, ఆ పిల్లవాడు మాత్రం పూర్తిగా ఉన్నాడు. వాడి గురించి రాయడం వల్ల వాడికి మేలు జరిగింది. ఇలాగైతే రాయొచ్చు కదా అనిపించింది. ఆ రోజు నుంచే మళ్ళీ నోటుబుక్కు తీశాను.

ఎలా మొదలుపెట్టానో కూడా చెప్తాను, ఎందుకంటే రాయాలని ఉండి రాయలేకపోతున్న టీచర్లు మీ పాఠకుల్లో చాలామంది ఉంటారు. మా పనిలో ఏ నైపుణ్యాన్నైనా చిన్న చిన్న మెట్లుగా విడగొడతాం. చేతులు కడుక్కోవడం అంటే మనకు ఒకటే పని. మా చార్టులో కుళాయి దగ్గరికి వెళ్ళడం, తిప్పడం, చేతులు తడుపుకోవడం, సబ్బు తీసుకోవడం, ఇలా వరసగా ఉంటాయి. కొందరు పిల్లలకు చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పుతాం. చొక్కా గుండీలన్నీ మేమే పెట్టి ఆఖరి గుండీ సగం దాకా దూర్చి వదిలేస్తాం, దాన్ని లాగి పూర్తిచేసేది పిల్లవాడు. పని ముగించిన సంతోషం వాడికి మొదటి రోజే దొరుకుతుంది. అది అలవాటయ్యాక చివరి రెండు, తర్వాత మూడు. నేను కూడా నా రాతకు ఇదే పద్ధతి పెట్టుకున్నాను. నవల రాయాలి, పెద్ద వ్యాసం రాయాలి అని కూర్చోలేదు. ఆ రోజే ముగిసిపోయే రాతలు మాత్రమే రాశాను. ఒక అమ్మ అడిగిన ప్రశ్న, దానికి నా జవాబు, ఒక పేజీ. ఆర్టీసీ బస్సులో ఇంటికి వచ్చేటప్పుడు ఫోన్‌లో తెలుగులో మాట్లాడితే అదే టైప్ చేస్తుంది, తప్పులు చాలా వస్తాయి కానీ రాత్రి వంట అయ్యాక దిద్దుకోవచ్చు. మర్చిపోకముందే, అలసట పూర్తిగా కమ్మకముందే ముడి సరుకు ఫోన్‌లో చేరిపోతుంది. ఇది నాకు బాగా పనికొచ్చింది. శనివారం రాత్రికి వారంలో రాసినవి చదివి, ఒకదాన్ని సాపు చేస్తాను.

ఇక ఆ అమ్మల ప్రశ్నల సంగతి. ఈ ఉత్తరం అసలు దీని కోసమే రాస్తున్నాను.

మా దగ్గరికి వచ్చే తల్లుల్లో ఎక్కువమంది కూలి పనికి, పత్తి ఏరడానికి వెళ్ళేవాళ్ళు. కొందరు పిల్లల్ని నానమ్మలు తీసుకొస్తారు. వాళ్ళకు పింఛను గురించి ఏదీ చెప్పనక్కర్లేదు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 3,016 నుంచి 4,016 ఎప్పుడయిందో చెప్తారు, ఆంధ్రాలో 6,000 ఇస్తున్నారని కూడా చెప్తారు. సదరం క్యాంపు ఎప్పుడో, 40 శాతం వైకల్యం ఉంటేనే సర్టిఫికెట్ పనికొస్తుందని కూడా తెలుసు. ఎలా తెలుసు? పత్రికలు రాశాయి, టీవీలు చెప్పాయి, ఊళ్ళో నలుగురూ మాట్లాడుకున్నారు. అదే తల్లిని, అమ్మా, పిల్లవాడికి 18 ఏళ్ళు నిండాక వాడి తరఫున బ్యాంకులో, ఆఫీసుల్లో సంతకం ఎవరు పెడతారు అని అడిగితే, "నేనే పెడతా మేడమ్, నేను కన్నా కదా" అంటుంది. మేజర్ అయ్యాక తల్లి అయినంత మాత్రాన చట్టం ఒప్పుకోదని, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఒకటి ఉందని, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకు ఆ చట్టం కింద గార్డియన్‌ని పెట్టుకోవచ్చని, దానికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లాలో ఒక కమిటీ ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అదే ట్రస్టు కింద నిరామయ అని లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది, దాని పేరు విన్న కుటుంబాలు మా మండలంలో చాలా తక్కువ. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. నిర్దేశిత స్థాయి, అంటే 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు హక్కు అని 31వ సెక్షన్ చెప్తుంది. మామూలు పిల్లలకు విద్యాహక్కు చట్టంలో ఉన్నది 14 ఏళ్ళ వరకే. ఎనిమిదో తరగతి అయిపోయింది, ఇక మీ పిల్లను మేం చేర్చుకోం అని ఎవరైనా అంటే ఆ తల్లి ఏ మాట పట్టుకుని నిలబడాలో ఆమెకు తెలియాలా వద్దా?

ఇవి చట్టాలు. ఇంట్లో విషయాలు ఇంకా కష్టం. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం మన దగ్గర ఇప్పటికీ ఉంది, నోట్లో చెంచా దూర్చేవాళ్ళు కూడా ఉన్నారు. తాళంచెవుల వల్ల ఏ ఉపయోగమూ లేదు, నోట్లో ఏది పెట్టినా ప్రమాదం. పిల్లను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, చుట్టూ గట్టి వస్తువులు తీసేయాలి, గట్టిగా అదిమి పట్టుకోకూడదు, టైమ్ చూసుకోవాలి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఇది ఒక చిన్న పెట్టెలో పట్టేంత సమాచారం. నెలకోసారి వేసినా ఒక ప్రాణం నిలవొచ్చు.

బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్లలకు నెలసరి వచ్చే వయసు దగ్గర పడుతుంటే తల్లులకు ఉండే టెన్షన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. గర్భసంచి తీసేయిస్తే పోతుంది కదా మేడమ్ అని అడుగుతారు, గొంతు బాగా తగ్గించి. ఆ అడగడంలో ఆ తల్లి భయమంతా ఉంటుంది, కోప్పడటానికి మనసు రాదు. అవసరం లేదమ్మా, నేర్పొచ్చు, చాలామంది పిల్లలు నేర్చుకున్నారు అని చెప్పాలి. రాకముందే మొదలుపెట్టాలి, ప్యాడ్ పెట్టుకుని తిరగడం మామూలు రోజుల్లోనే అలవాటు చేయాలి, లోదుస్తు మీద ప్యాడ్ పెట్టే చోటు గుర్తు గీయాలి, మార్చుకోవాల్సిన టైమ్‌లు బొమ్మలతో గోడకు అంటించాలి. ఇవన్నీ మాకు ట్రైనింగుల్లో చెప్పారు, పుస్తకాలున్నాయి, కానీ ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉన్నాయి. ఉన్న కొద్ది తెలుగు కూడా ఆ తల్లి చదివితే అర్థమయ్యే తెలుగు కాదు. ఆమెకు చదువు రాకపోతే పదో తరగతి చదివే పెద్దకూతురు చదివి వినిపిస్తుంది. ఆ కూతురి కోసం రాయాలి.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న మీరూ ఊహించగలరు. "మావోనికి ఎప్పుడు మంచిగైతది మేడమ్?" మందుతో పోయేది కాదని చెప్పాలి, చెప్పాక ఆ తల్లి మళ్ళీ సోమవారం పిల్లవాడిని తీసుకురావాలి. ఈ రెండూ జరిగేలా ఎలా చెప్పాలో నేను నేర్చుకున్నది చాలావరకు రాస్తూనే నేర్చుకున్నాను. ఒకే జవాబును చాలాసార్లు తిరగరాశాను. ఇప్పుడు మాట్లాడేటప్పుడు ఆ వాక్యాలే నోటికి వస్తాయి. మందు లేదు అని మొదలుపెట్టను. మూడు నెలల కిందట వీడు ఏం చేయలేకపోయేవాడో గుర్తుందా అమ్మా అని మొదలుపెడతాను.

మా ఉద్యోగాల సంగతి ఇక్కడ ఎక్కువ రాయను. 10 మంది పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. తెలంగాణలో 2024 డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు ఇచ్చారు, మంచి పని. ఏళ్ళ తరబడి కాంట్రాక్టులో చేస్తున్నవాళ్ళ బాధ అలాగే ఉంది. దాని మీద విడిగా రాయాలి.

పిల్లల గురించి రాసేటప్పుడు నేను కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. పేరు, ఊరు, బడి రాయను. ఇద్దరు ముగ్గురు పిల్లల సంగతులు ఎవరినీ గుర్తుపట్టలేనట్టు కలిపేస్తాను. ఒకే కుటుంబం గురించి రాయాల్సి వస్తే ఆ తల్లికి ముందు చదివి వినిపిస్తాను, ఆమె వద్దంటే చింపేస్తాను. ఒకసారి ఒకామెకు ఇలాగే చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపింది. "నేను ఏడ్చానని రాశారు మేడమ్, ఆ రోజు నేను ఏడ్వలేదు. బస్సుకు టైమ్ అయితున్నదని లేచిన." ఆమె చెప్పినట్టే మార్చాను. ఆ ఒక్క మార్పుతో ఆ పేజీ ఎంతో బాగుపడింది. మీ విలేకరులు కూడా రాసింది అచ్చుకు వెళ్ళేముందు ఆ కుటుంబానికి ఒకసారి చదివి వినిపిస్తే బాగుంటుంది. టైమ్ ఉండదంటారు, తెలుసు. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే ఆ పేపరు కటింగ్ ఆ ఇంట్లో చాలా ఏళ్ళు ఉంటుంది. ఆ పిల్లవాడి చెల్లెలు పెద్దయ్యాక చదువుతుంది.

ఇంకొకటి. మీ పిల్లల పేజీలో మా పిల్లలకు కూడా చోటివ్వండి. మన లిపి కొందరు పిల్లలకు చాలా కష్టం, మ, య తారుమారవుతాయి, ప, వ ఒకటిగా కనిపిస్తాయి, ఒత్తు ఎక్కడ తగిలించాలో ఎంత నేర్పినా నిలవదు. 21 రకాల వైకల్యాల్లో ఇలాంటి అభ్యసన లోపం కూడా ఒకటి, అయినా ఈ పిల్లల్ని బద్ధకస్తులని తిట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మా దగ్గర ఒకమ్మాయి అమ్మ కోసం సరుకుల చీటీ రాస్తుంది. ఉప్పు, పప్పు, చింతపండు, సబ్బు. ఒత్తులు కొన్నిసార్లు పక్కకు వెళ్తాయి. కొట్టాయన చదివి సరుకులు ఇస్తాడు, ఆ అమ్మాయికి రాయడం అంటే ఏమిటో అలా అర్థమైంది. ఆ చీటీని ఉన్నది ఉన్నట్టు, దిద్దకుండా, మీ పిల్లల పేజీలో కవితల పక్కన వేయగలరా? చూపు లేని పిల్లలు బ్రెయిలీలో రాసినవి టీచర్లు తెలుగులోకి రాసి పంపగలరు. చేత్తో రాయలేని పిల్లలు చెప్తుంటే ఇంకొకరు రాయొచ్చు, పరీక్షల్లో స్క్రైబ్ ఉన్నట్టే. "ప్రత్యేక పిల్లల ప్రత్యేక పేజీ" అని వేరే పెట్టొద్దు. అందరితో కలిపి వేయండి, తరగతిలో కూర్చున్నట్టు.

నేను అడుగుతున్నది ఇది. పదిహేను రోజులకోసారి అర కాలమ్ ఇవ్వండి, ఏడాది పొడవునా. నేనొక్కదాన్నే రాయాలని కాదు. మా టీచర్లు, ఫిజియోథెరపీ చేసేవాళ్ళు, తల్లులు, తండ్రులు, ముఖ్యంగా వైకల్యంతో పెరిగి పెద్దవాళ్ళయినవాళ్ళు వంతులవారీగా రాస్తారు. చివరివాళ్ళు రాసేది మేమెవరమూ రాయలేం. డబ్బు అక్కర్లేదు. చట్టం, వైద్యం సంగతులు రాసినప్పుడు మీ డెస్కు వాళ్ళు తెలిసినవాళ్ళతో ఒకసారి సరిచూపించాలి, ఆ బాధ్యత మీరు తీసుకోవాలి. ఫిట్స్ గురించి, నెలసరి గురించి, 18 ఏళ్ళ తర్వాత గార్డియన్ గురించి మూడు వ్యాసాలు నా దగ్గర రెడీగా ఉన్నాయి, అడిగిన రోజే పంపుతాను. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే నా అనుభవాలు తీసేయండి, ఏ ఆఫీసుకు వెళ్ళాలి, ఏ కాగితాలు పట్టుకెళ్ళాలి అన్నది మాత్రం ఉంచండి. ఫోటోలు అడగొద్దు, పిల్లల ఫోటోలు పంపను. ఈ ఉత్తరం వేస్తే నా పేరు కూడా వేయొద్దు. మండలంలో భవిత కేంద్రం ఒక్కటే, నా పేరు చూస్తే పిల్లలెవరో తెలిసిపోతుంది.

ఇట్లు,
భవిత కేంద్రం టీచర్,
నల్లగొండ జిల్లా